బాపు వదిలిన చోటే జాయ్‌స్టిక్

తొండుపల్లి హార్మోనియం బాపు పోయాడు.

విమానాశ్రయం బయట కిరాయి కార్ల వరుసలో నిలబడి, తోటి డ్రైవర్లకు గ్రంథం విప్పి చెబుతున్నాను. ఆత్మను కత్తి కోయలేదు, నిప్పు కాల్చలేదు అనే చోట ఉండగా ఫోన్ మోగింది. బాపు కూతురు. "అన్నా, బాపు పోయిండు. దవాఖానలనే ఉన్నం" అంది. గ్రంథం మూసి కారులో పెట్టాను. ఇది రాసేటప్పటికి ఇంకా తెరవలేదు.

భజనకు వచ్చేవాళ్లందరికీ ఆయన తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. గ్రంథం నాకు నేనే కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆవేశం ఎక్కువ. నేను గొంతు చించుకుంటున్నంతసేపూ నా వెనక ఆయన హార్మోనియం ఒకే స్వరం పట్టుకుని ఉండేది. "స్వామీ, జర కిందికి దిగు. దేవునికి చెవుడు లేదు" అనేవాడు. ఊళ్లో వాళ్లు నన్ను వెక్కిరింపుగా అనే 'స్వామీ' ఆయన నోట మాత్రం ముద్దుగా ఉండేది.

మా భజన మండలిలో ఒక కట్టుబాటు ఉంది. హారతి కొండెక్కేదాకా శ్రుతి ఆగకూడదు. పాడేవాళ్లు గొంతు తడుపుకోవచ్చు, నేను మాట మరిచిపోవచ్చు, కరెంటు పోవచ్చు. శ్రుతి మాత్రం నడవాలి. కొత్త విమానాశ్రయం వచ్చాక నెత్తి మీద విమానం పోయినప్పుడల్లా మా పాట ఆ మోతలో మునిగిపోయేది. ఆయన కళ్లు మూసుకుని తిత్తి ఊదుతూనే ఉండేవాడు. "పోనీ తియ్యి. అది పోయినంక మనం ఉంటం గద" అనేవాడు.

తర్వాత ఆయన వేళ్లు మొద్దుబారాయి. నరాల జబ్బన్నారు, మందు లేదన్నారు. నేను ఊరుకుంటానా? ఉపవాసాలున్నాను. మంచం పక్కన కూర్చుని గ్రంథం గట్టిగా చదివాను. ఆత్మకు చావు లేదు బాపూ అన్నాను. ఆయన వంకరపోయిన వేళ్లు చూసుకున్నాడు. "ఆత్మ పోదు, సరే. వేళ్లు పోతున్నయి గద స్వామీ. వీటి గురించి ఏమన్న రాసిండ్రా అండ్ల?"

పుటలన్నీ వెతికాను. వేళ్ల గురించి ఏమీ దొరకలేదు.

మండలి పెద్ద ఒకరోజు మెల్లగా కదిపాడు. "స్విచ్చేస్తే మోగే శ్రుతి పెట్టెలొచ్చినయి. ఒకటి తెచ్చుకుందం. ముసలాయనను పరేషాన్ చేసుడెందుకు?"

"పెట్టె సరే, మరి బాపు ఏడ కూసోవాలె?" అని నేను లేచాను. బాపు నా చొక్కా పట్టుకుని ఆపబోయాడు. వేళ్లకు పట్టు చిక్కలేదు. అప్పుడు ఆయనే అన్నాడు, అంత పెద్దమనిషి, బతిమాలుతున్నట్టు: "చాప మీదికెల్లి మాత్రం నన్ను లేపకుండ్రి."

దారి చూపింది ఆయన కూతురే. పట్నంలో రికార్డింగు స్టూడియోలో పని ఆమెది. ఒక మాడ్యులర్ సింథసైజర్ మోసుకొచ్చింది. పేరు పెద్దదే గానీ చూస్తే చెక్కపెట్టెలో బిగించిన చిన్న చిన్న డబ్బాలు. ఒకటి శబ్దం పుట్టిస్తుంది, ఒకటి దాని పదును తగ్గిస్తుంది, ఒకటి హెచ్చుతగ్గులు చూసుకుంటుంది. వాటిని తీగలతో ఒకదానికొకటి కలపాలి. వాటి ముందు ఒక జాయ్‌స్టిక్ పెట్టింది. పక్కకు కదిపితే స్వరం ఎక్కుతుంది, దిగుతుంది. ముందుకు నెడితే గొంతు విచ్చుకుంటుంది, వెనక్కి లాగితే ముసుగు తన్నుతుంది. వేళ్లతో పని లేదు, మణికట్టు చాలు. "గిది గేరు రాడ్ లెక్కుంది. నాకెందుకే, స్వామికియ్యి" అని బాపు చాన్నాళ్లకు నవ్వాడు.

ఆ ఏకాదశి భజనలో బాపు చెయ్యి జారింది. జాయ్‌స్టిక్‌కు స్ప్రింగులుంటాయి. వదిలితే నడిమికి వచ్చేస్తుంది. శ్రుతి దబ్బున కిందికి పడింది. మా వాళ్లకు శ్రుతి అంటే దైవాజ్ఞ, అది ఎటు పోతే అటే పోవాలి. ఒక్కరూ ఆగలేదు. పాట మధ్యలో అందరూ దాని వెంటే కిందికి దిగి మూలిగారు. బాపు కంగారుగా నెట్టాడు. అందరూ కీచుమంటూ పైకెక్కారు. మళ్లీ జారింది. "ఎర్పోర్టుల లిఫ్టెక్కినట్టుంది బిడ్డా" అంది ముందు కూర్చున్న అవ్వ. నవ్వులే నవ్వులు.

బాపు నవ్వలేదు. హారతి అయ్యాక గోడవైపు తిరిగి, "ఇగ నాతోని కాదు. తీస్కపో" అన్నాడు.

కూతురు అక్కడే కూర్చుని జాయ్‌స్టిక్ విప్పి స్ప్రింగులు తీసేసింది. "ఇప్పుడు ఏడ ఇడిస్తే ఆడనే ఉంటది బాపూ. పట్టుకునుడు లేదు. జర జరుపు, ఇడిచిపెట్టు."

ఇక ఆయన చాప ఆయనకు దక్కింది. విమానం వస్తుంటే మణికట్టుతో మెల్లగా నెట్టి శ్రుతిని దాని మోతలో కలిపేవాడు. అది దూరమయ్యే కొద్దీ వెనక్కి తెచ్చేవాడు. ఆ మోతలోంచే మా పాట పుట్టుకొచ్చినట్టుండేది.

జబ్బు మణికట్టుకూ ఎక్కింది. బాపు ఇంట్లో జరిగిన చివరి భజన నాడు కూతురు మోచెయ్యి పట్టుకుంటే, ముంజేతితో జాయ్‌స్టిక్‌ను ఒక్కసారి జరిపాడు. చెయ్యి ఒళ్లో పడిపోయింది. శ్రుతి నిలబడింది. ఆ ఒక్క స్వరం మీదే అంతా పాడాం. హారతి వెలిగించాక నాకు భయం పట్టుకుంది. ఇది కొండెక్కితే ఆయన పని అయిపోతుంది. కర్పూరం వేశాను, ఇంకా వేశాను, పళ్లెం కాలుతున్నా వేశాను. దేవుడా, నీ ముందు ఇన్నేళ్లు అరిచాను, ఈ ఒక్కటీ వినవా అని లోపల గొంతు చించుకున్నాను. "చాలు స్వామీ" అన్నాడు మండలి పెద్ద. నేను ఆగలేదు. అప్పటికే మాట ముద్దగా వస్తున్న బాపు నా వైపు చూసి అన్నాడు: "ఇడిచిపెట్టు."

మొన్న శనివారం వాళ్లింటికి వెళ్లాను. పెట్టె తీగలు అలాగే ఉన్నాయి. జాయ్‌స్టిక్‌ను ఎవరూ ముట్టుకోలేదు, ఆయన ముంజేయి నెట్టిన చోటే కొద్దిగా పక్కకు ఒరిగి ఉంది. కూతురు స్విచ్ వేసింది. అదే స్వరం. ఎదురుగా చాప ఖాళీ. విమానం వచ్చింది, పోయింది. స్వరం ఉంది.

హారతి పళ్లెం నా ముందు పెట్టి ఆమె లోపలికి వెళ్లింది. కర్పూరం బిళ్ల నా చేతిలోనే ఉంది. వెలిగిస్తే కొండెక్కుతుంది. కొండెక్కితే శ్రుతి ఆపాలి. అగ్గిపెట్టె పక్కన పెట్టి, అలాగే కూర్చున్నాను.