చంటివాడి గొంతులో చప్పుడు

ఈ బరువు ఎన్నేళ్లుగానో నా ఒక్కడి దగ్గరే ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల మొదట్లో వరంగల్లోని ఒక దవాఖానాలో థైరాయిడ్ పరీక్షలు చేసేవాణ్ణి. కొత్త ఉద్యోగం. రేడియోధార్మిక అయోడిన్ కలిపిన నీళ్లు తాగించాలి. మర్నాడు గొంతు దగ్గర రేడియేషన్ కొలిచే కౌంటర్ పెట్టి, అక్కడ ఎంత చేరిందో చూడాలి. తాగించే ముందు అడగాల్సినవి నాకు కంఠస్థం: వాడుతున్న మందులు, గర్భం, చివరగా, చంటిబిడ్డకు పాలిస్తున్నారా అని.

కాశిబుగ్గ నుంచి గొంతు వాపుతో ఒకామె వచ్చింది. తోడు వచ్చినాయన ఆమె భర్తకు అన్న. ఆయన ముందు ఆమె కొంగు కప్పుకుని తలెత్తలేదు. అలాంటప్పుడు మేం ప్రశ్నలన్నీ మగమనిషినే అడిగేవాళ్లం. పాల సంగతి ఆయన్ని ఎలా అడగను? ఆయన ముందు ఆమెనైనా ఎలా అడగను? ఆయన్ని కాసేపు బయట కూర్చోమంటే సరిపోయేది. ఆ ప్రశ్న వదిలేశాను. ఆమె నీళ్లు తాగి వెళ్లిపోయింది.

మర్నాడు తల్లిని తోడు తెచ్చుకుంది. చంకలో చంటివాడు.

తల్లి ఒంట్లోని అయోడిన్ లెక్కలో కలవకుండా ఆమెను వరండా చివరికి పంపి, అమ్మమ్మ చేతుల్లో నిద్రపోతున్న పిల్లవాడి గొంతు దగ్గర కౌంటర్ పెట్టాను. టిక్కుటిక్కుమని చప్పుడు. వాడి ఊపిరి కంటే ఎంతో వేగంగా, ఆగకుండా. తల్లి తాగిన అయోడిన్ పాలలో దిగి, ఆ లేత గొంతులో చేరి కూర్చుంది.

"మా మనుమని గొంతుల పేలాలు ఏగుతున్నయా ఏంది సారూ?" ముసలమ్మ నవ్వింది.

"మిషన్ ఖరాబైందమ్మా."

"గట్లనా! ఫికర్ జేసేదేం లేదు గదా?"

"ఏం లేదు."

ఇంతలో పిల్లవాడు లేచి ఏడ్చాడు. తల్లి వచ్చి, వాణ్ణి తీసుకుని, గోడవైపు తిరిగి పాలిచ్చింది. వాడు గుటకలు వేయడం నాకు వినిపిస్తూనే ఉంది. డాక్టరుకు చెబితే, ముందే అడిగావా అంటాడు. ఆ ఒక్క మాటకు భయపడి నోరు మూసుకున్నాను. అడగకపోవడం పొరపాటే అనుకుందాం. నిలబడి వినడం?

ఆ ఈడు పిల్లలు ఎదురైతే నేను ముఖం చూడను, గొంతు చూస్తాను. వాడేమయ్యాడో తెలియదు. తెలుసుకోవడానికి కాశిబుగ్గ దాకా వెళ్లే ధైర్యమూ చేయలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ రోజు అనాల్సిన మాట ఒకటుంది. ఇన్నేళ్లకు రాస్తుంటే కొంచెం ఊపిరి ఆడుతోంది.

"అక్కా, జర ఆగు. వానికి నీ పాలు ఇయ్యకు."