మేలో పచ్చగా కనిపించిన పొలం

పోయినేడాది మే నెల, సూరత్. తాపీ నది నీళ్లు మూడు రాష్ట్రాలు పంచుకుంటాయి. ఆ నది కింద ఎక్కడెక్కడ పొలాలకు నీళ్లు అందుతున్నాయో శాటిలైట్ బొమ్మల మీద కొలవడం నా ఉద్యోగం. చెబితే అమ్రోలి పేటలోని మా ఇంట్లోనే ఎవరూ నమ్మరు గానీ, సినిమాకన్నా మజా ఉంటుంది ఇందులో.

మా లెక్కకు సూత్రం ఒకటే. మేలో వానలుండవు కాబట్టి, అప్పుడు పచ్చగా ఉన్నదంతా ఎవరో నీళ్లు పెట్టిన పొలమే. అంతా బాగానే ఉంది, సర్కారు తుమ్మకు ఆ సంగతి తెలియదంతే! సముద్రం వైపు చౌడు నేలల్లో ఆ ముళ్లకంప చుక్క నీరు పెట్టకపోయినా నిగనిగలాడుతుంది.

అటువైపు ఊరి నుంచే సవితాబేన్ అనే రైతు మా ఆఫీసుకు వచ్చింది. వాళ్లది టెయిల్ ఎండ్, అంటే కాలువ చిట్టచివరి ఊరు. మా పటంలో ఎండుగా తేలిన ఊళ్లకే కాలువ పూడిక తీస్తారు. వాళ్ల ఊరేమో పచ్చగా ఉంది. కోడలిగా వచ్చిన కొత్తలో చూసిన కాలువ నీళ్లు మళ్లీ చూడలేదని ఆమె గుజరాతీలో నెమ్మదిగా చెప్పింది. అరిచినా బాగుండేది.

ఇక్కడ మేలో నీటి మీద నిలిచే పంట ముఖ్యంగా చెరకే. మరి తుమ్మను, చెరకును విడదీయడం ఎలా? రెండు రోజులు బుర్ర గోక్కున్నాక తట్టింది. చెరకు కొట్టగానే పచ్చదనం ఒక్కసారిగా పడిపోతుంది, తుమ్మకు కోత లేదు. ఏడాది బొమ్మలన్నీ వరుసగా పేర్చి, ముందు కామ్‌రేజ్ వైపు చెరకు తోటల మీద చూశాను. అచ్చంగా కుదిరింది! కుర్చీలోంచి లేచి గంతేసినంత పని చేశాను. సవితాబేన్ ఊళ్లోని పచ్చదనం చాలావరకు లెక్కలోంచి ఎగిరిపోయింది. ఒక్క పొలం చెక్క మాత్రం అచ్చం చెరకులాగే చలికాలంలో పడిపోయి, మళ్లీ లేచింది. సర్వే నంబరు చూస్తే అది సవితాబేన్ పొలమే. చిట్టచివరి ఊళ్లో ఒక్క పొలానికి నీళ్లందినా కాలువ పారినట్టే లెక్క.

మా సార్ కాకినాడ మనిషి. "ఏమ్మా రజితా, నీ పద్ధతే చెరకంటోంది కదా, ఇంకా అనుమానమేంటి? సోమవారం రిపోర్టు పంపించేద్దాం," అన్నారు. ఆమె అబద్ధమాడిందంటే నా మనసొప్పలేదు. ఒక్కసారి చూసొస్తానని బతిమాలాను. దీన్ని మేం గ్రౌండ్ ట్రూత్ అంటాం. బొమ్మ చెప్పింది నిజమో కాదో నేల మీద నిలబడి చూడటం.

జీపు నడిపే శ్రీనన్నది మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబం. పొలం దగ్గర బండి ఆపి, "ఏందమ్మా, చెరుకంటివి, గీడ పొగ లేస్తుంది?" అన్నాడు.

చలికాలంలో నరికిన తుమ్మ మొదళ్లు, వాటికి లేచిన కొత్త చిగుళ్లు, మధ్యలో మట్టి కప్పిన బొగ్గు బట్టీలు. సవితాబేన్ మసి చేతులు చీరకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"నీళ్లుంటే చెరకే నరికేదాన్ని బేటా. లేవు కాబట్టి దీన్ని నరుకుతున్నాను," అంది.

ఏడుపూ సంబరమూ ఒకేసారి ముంచుకొచ్చాయి నాకు. నీళ్లు లేక ఆమె చేసుకుంటున్న పనినే నా పద్ధతి నీళ్లున్నట్టు చూపించింది! శ్రీనన్న చేత ఫొటోలు తీయించి, అక్కడి నుంచే సార్‌కు పంపాను. ఆయన వెంటనే రిపోర్టు ఆపించి, కాలువ చివర పచ్చదనం పడిలేచిన చెక్కలన్నీ నేల మీద చూసి రమ్మన్నారు. మిగిలిన వేసవంతా జీపులోనే గడిచింది. నా ఉద్యోగంలో అంత హుషారైన రోజులు మళ్లీ రాలేదు.

సవితాబేన్ ఊరు ఎండు జాబితాకెక్కింది. ఈ ఏడాది పూడిక తీయడానికి కాలువలో పొక్లెయిన్ దిగింది. ఆకాశం నుంచి పచ్చదనం కనిపిస్తుందే తప్ప, అది ఎవరు పెట్టిన నీళ్లతో వచ్చిందో కనిపించదని నాకు బాగా తెలిసొచ్చింది. ఆ మాటే ఫోన్లో సవితాబేన్‌తో అంటే, ఆమె ఎదురడిగింది.

"మరి రేపు నిజంగా చెరకు వేస్తే ఎలా పోల్చుకుంటావు?"

"వచ్చి చూస్తాను," అన్నాను.

"పచ్చబడేదాకా ఆగకు. నీళ్లొచ్చిన రోజే రా."