దత్తాంశం దగ్గర ఆగిన ప్రసంగం

సుద్దముక్క పట్టిన చేతితో రాష్ట్ర చరిత్రను తిరగరాసిన ఒక మహావీరుడి గాథ ఇది. ఇలా మొదలుపెడితే బాగుంటుందనిపించి రాశాను. జరిగింది మాత్రం, మా లెక్కల సార్ అసెంబ్లీలో రెండు నిమిషాలు మాట్లాడడం.

సార్ ఆబిడ్స్ వెనక గల్లీలోని సర్కారు బడిలో ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పారు. నేను ఆయన శిష్యుణ్ణి. లెక్కలు రాకపోయినా టైపింగ్ వచ్చు కాబట్టి, ఆయన ఎమ్మెల్యే అయ్యాక పీఏగా చేరాను. ఎన్నికల్లో నిలబడాలంటే సర్కారు కొలువుకు రాజీనామా చేయాలి. చేశారు, గెలిచారు. ఆయన వదిలిన పోస్టు మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. పదో తరగతికి లెక్కలు చెప్పేవాళ్లు లేరు. పరీక్షలకు నాలుగు నెలలే ఉన్నాయి.

హెడ్‌మేడం నాంపల్లిలోని మా ఆఫీసుకు వచ్చి, చాయ్ ముట్టకుండానే అన్నారు: "పిల్లలు ఫెయిలైతే మీ పేరే చెప్తరు సార్. మీరన్న రాండ్రి, ఇంకొకర్నన్న పంపండ్రి."

ఆ మాట సార్‌కు గుచ్చుకుంది. అసెంబ్లీ జీరో అవర్‌లో మాట్లాడడానికి రెండు నిమిషాలు సంపాదించారు. నేను టైప్ చేసిచ్చిన కాగితంలో మొదటి వాక్యమే "లెక్కల టీచర్‌ను వెంటనే వేయాలి" అని. సార్ దాన్ని చివరికి జరిపారు.

"ముందుగాల దత్తాంశం, ఇచ్చిన సంగతులు చెప్పాలె. అవి లేకుండ సారాంశానికి, తేల్చాల్సిన దానికి, ఎట్ల పోతవ్? పదిల నీ మార్కులు గిట్లనే పోయినయ్."

సందర్శకుల గ్యాలరీలోంచి చూశాను. సార్ లేచి, బోర్డు ముందు నిలబడ్డట్టే నిలబడి, ఇచ్చిన సంగతులు వరసగా చెప్పారు. బడి ఎక్కడుంది, పదిలో ఎంతమంది, గదులెన్ని, వాటిలో తిరగని ఫ్యాన్లెన్ని. అంతలో స్పీకర్ గంట కొట్టారు. సార్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నారు.

లాబీలో అడిగాను. "ఎందుకు కూసున్నరు సార్? అసలు ముచ్చట చెప్పనే లేదు."

"గంట కొట్టిన్రు గదా."

"మొదటి గంటకు ఎవ్వరు కూసోరు సార్. మైకు బందైతెనే కూసుంటరు."

"ఇరవై ఆరేండ్లల్ల గంటయినంక ఒక్క లెక్క చెప్పలే. పిల్లలు ఊకుంటరా?"

అటుగా పోతున్న ఒక సీనియర్ సభ్యుడు ఆగి సార్ భుజం తట్టాడు. "సారూ, గీడ గంటయినంకనే పాఠం షురువైతది."

సభ్యులు చెప్పినవన్నీ రాసుకున్నామని సభలో మంత్రి అన్నారు. నిజంగానే రాసుకున్నారు. వారం తిరక్కుండా ఎలక్ట్రీషియన్ వచ్చి ఫ్యాన్లు బాగుచేసి పోయాడు. హెడ్‌మేడం ఫోన్ చేశారు. "ఫ్యాన్లు మంచిగ తిరుగుతున్నయ్ సార్. వాటి కింద నిలబడి లెక్కలు చెప్పెటోళ్లే లేరు."

సార్ కళ్లు చెమర్చాయని ఇక్కడ రాయొచ్చు. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు, అది రోజూ తుడుచుకుంటారు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లారు. ఈసారి అర్జీలో నా వాక్యం ఒక్కటే ఉంది. అధికారి చదివి, "వివరాలు ఏవి సార్?" అని అడిగాడు. సార్ నావైపు చూశారు. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను.

వివరాలు జతచేశాం. బేగంబజార్ వైపు బడి నుంచి ఒక లెక్కల మేడంను డిప్యుటేషన్ మీద వేశారు. ఆమె మంగళ, శుక్రవారాల్లో వస్తారు, రెండో పీరియడ్‌కు. మిగతా రోజుల్లో ఆ పీరియడ్ ఆటలాడించే పీఈటీ సార్‌ది.