ఒడ్డున ఒక కొవ్వొత్తి

మట్టెవాడ నుంచి బయల్దేరిన మా నలుగురు స్నేహితుల్లో అంతకుముందు సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. డెబ్బైల చివర్లో ఒక నవంబరు ఉదయం వరంగల్ స్టేషన్‌లో బాపట్ల పోయే రైలెక్కి, గొంతులు చించుకుని పాటలు పాడుతున్నాం. ఎదురు సీట్లో ఒడిలో బంతిపూల మూటతో ఒక ముసలమ్మ మమ్మల్నే చూస్తోంది.

"యాడికి పోతాండ్రు బిడ్డా?"

"సముద్రం సూడ పోతానం అవ్వా," అన్నాడు శంకర్.

ఆమె మహబూబాబాద్ దగ్గర పడుతుండగా మూట విప్పి, పూల కింది నుంచి ఒక కొవ్వొత్తి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇయ్యాల మా సమాధుల పండుగ. మా ఆయనకు ఈడ సమాధి ఉన్నది, పోయి ముట్టిస్త. కొడుకు పడవల మీద పనికి పోయి సముద్రంలనే ఉండిపోయిండు. వానికి యాడ ముట్టియ్యాలె? జర ఆ ఒడ్డున పెట్టుండ్రి."

"మాతోటి నువ్వే రారాదు అవ్వా?" అన్నాను.

"ఆ నీళ్లను నేను సూడలేను బిడ్డా."

ఒడ్డున ఎండ మెరిసిపోతోంది. ఇసుకలో కొవ్వొత్తి గుచ్చి వెలిగిస్తే గాలి నిలవనివ్వలేదు. అగ్గిపెట్టె సగం ఖాళీ అయ్యాక శంకర్ చొక్కా విప్పి అడ్డం పట్టాడు. అదీ చాలక నలుగురం భుజాలు కలిపి దాని చుట్టూ కూర్చున్నాం. అది పూర్తిగా కరిగేదాకా ఎవరం కదల్లేదు.

ఇంటికొచ్చాక మా అమ్మ అడిగింది, "సముద్రం ఎట్లున్నదిరా?"

"మస్తు చప్పుడున్నదే అమ్మా," అన్నాను.

అంతసేపూ దానికి వీపు తిప్పి కూర్చున్నవాణ్ణి, ఇంకేం చెప్పను?