అట్టడబ్బాల కండ్ల దవాఖాన

మట్టెవాడలో మా బాపుకు ఫ్యాన్సీ దుకాణం ఉండేది. దువ్వెనలు, అద్దాలు, రిబ్బన్లు, ప్లాస్టిక్ పూలు హైదరాబాదు నుంచి లారీలో వచ్చేవి. సరుకు మీద ఎంత ప్రేమో, ఆ సరుకు వచ్చిన అట్టడబ్బాల మీదా బాపుకు అంతే ప్రేమ. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయని మడిచి, సుతిలి కట్టి, ఇంటి వెనక వసారాలో దొంతి పేర్చేవాడు. అవి ఎవరికి పనికొస్తున్నాయో ఆయనకు తప్ప వాడకట్టులో అందరికీ తెలుసు.

మేం ముగ్గురం. నేను, నాకన్నా మూడేళ్ళు చిన్నవాడైన తమ్ముడు, పక్కింటి దర్జీ కూతురు. ఆమె నాకన్నా రెండేళ్ళు పెద్దది కాబట్టి ఏ ఆటైనా ఆమె చెప్పినట్టే. మాతో తెలుగే మాట్లాడేది గానీ, తిట్టేటప్పుడు మాత్రం తెలుగు సరిపోక ఉర్దూ కూడా కలిపేది. డబ్బాలను వరసగా పెట్టి నెక్కొండ దాకా రైలు నడిపించాం. ఇల్లు కట్టాం. ఆ ఇంట్లో తమ్ముడు నిజంగానే నిద్రపోతే, వాడు కనబడక అమ్మ వీధంతా తిరిగొచ్చింది.

డెబ్బైల చివర ఒక చలికాలం, మా బడికి కండ్ల డాక్టర్లు వచ్చారు. గోడకు అక్షరాల అట్ట వేలాడదీసి, ఒక కన్ను మూయించి చదివించారు. మేమందరం సూది వేస్తారేమోనని భయపడ్డాం. పక్కింటి పిల్ల మాత్రం డాక్టరమ్మ చేతిలోని బెత్తం చూస్తూ నిలబడింది. బెత్తం ఉండి కూడా కొట్టని మనిషిని ఆమె అదే మొదటిసారి చూడటం.

ఆ ఆదివారమే మా వసారాలో దవాఖాన లేచింది. రెండు పెద్ద డబ్బాలు నిలబెట్టి, మైదా ఉడికించిన లైతో అతికించాం. అమ్మ కత్తిపీటతో కిటికీ కోసిచ్చింది. పక్కింటి పిల్ల వాళ్ళ అబ్బా దుకాణంలోని తెల్ల లైనింగు ముక్క భుజాల మీద వేసుకుని డాక్టరమ్మ అయింది. నేను కంపౌండర్ని. మందులు నా దగ్గరే ఉండేవి. అంటే పుట్నాలు, బెల్లం ముక్కలు. వాటిలో సగం పైన రోగుల దాకా చేరలేదని ఇన్నేళ్ళ తరవాత ఒప్పుకుంటున్నాను.

తమ్ముడికి అక్షరాలు రావు కాబట్టి లోపలి గోడ మీద బొగ్గుతో బొమ్మలు గీశాను. పైన పెద్ద కోడి, దాని కింద గొడుగు, తరవాత దీపం, చేప, అన్నిటికన్నా కింద చిన్న కత్తెర. తమ్ముడు పొద్దుటి నుంచి రోగిగా వస్తూనే ఉన్నాడు. "కోడి, గొడుగు, దీపం, చేప, కత్తెర" అని పాటలాగా అరిచి, పుట్నాలు తీసుకుని వెళ్ళేవాడు. మధ్యాహ్నానికి పుట్నాలు అయిపోయాయి. వాడికి జబ్బు నయమైపోయింది.

రోగులు లేక దవాఖాన ఖాళీగా ఉంది. అప్పుడు మేం బాపమ్మను పిలిచాం.

బాపమ్మ అంటే మా బాపును కన్నతల్లి. వసారా అరుగు మీద కూర్చుని ఇల్లంతా నడిపించేది. సామాన్ల అర్ర తాళంచెవి ఎప్పుడూ ఆమె నడుముకే. ఆ మధ్య ఆమెలో కొత్త అలవాట్లు కొన్ని మొదలయ్యాయి. వాకిట్లోకి ఎవరు అడుగుపెట్టినా, ముందుగా "చెప్పులు ఆడ ఇడువుండ్రి" అని గదిమేది. ఒకసారి చెప్పుల్లేకుండా వచ్చిన పూజారిని కూడా గదిమింది. బియ్యంలో రాళ్ళు ఏరడం మానేసి, కోడలు నేర్చుకోవాలని అమ్మకు అప్పగించింది. సూదిలో దారం ఎక్కించే పని నాకిచ్చి, ఆడపిల్లకు ఇవన్నీ రావాలంది. అత్తగారి పెత్తనం ముదిరిందని అమ్మ లోపల్లోపల గొణుక్కునేది.

మేం పిలవగానే బాపమ్మ బెట్టు చేయలేదు. సూది మందు వేయొద్దని షరతు పెట్టి, వంగి డబ్బాలోకి దూరి, పీట మీద కూర్చుంది. డాక్టరమ్మ ఒక కన్ను మూయమంది. చీపురు పుల్లతో పై నుంచి ఒక్కో బొమ్మనే చూపించింది. బాపమ్మ తడుముకోకుండా చెప్పింది. కోడి, గొడుగు, దీపం, చేప, కత్తెర. ఇంకో కన్ను మూసినా అంతే. నేను చప్పట్లు కొట్టాను.

డాక్టరమ్మ కొట్టలేదు. బడిలో లెక్కలు కంఠతా పట్టే పిల్లల్ని పంతులు ఎట్లా పట్టుకుంటాడో ఆమెకు బాగా తెలుసు. ఆమె కూడా ఆ రకమే మరి. పుల్లను ఈసారి కింద కత్తెర మీద పెట్టింది.

"ఇదేంది?" అంది.

"కోడి," అంది బాపమ్మ ధీమాగా.

పుల్ల చేప మీదికి పోయింది. "గొడుగు" అంది బాపమ్మ. తమ్ముడు పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. బాపమ్మ మాతో ఆట ఆడుతోందనుకున్నాను. డాక్టరమ్మ పుల్ల కింద పెట్టి, బాపమ్మ ముఖం ముందు చెయ్యి మెల్లగా అటూ ఇటూ ఊపింది.

"బాపమ్మా, నీకు కనవడ్తలేదు కదా," అంది చిన్నగా.

అప్పుడే బాపు అన్నానికి ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కుంటూ నవ్వులు విని, తన డబ్బాలకు ఏ గతి పట్టిందో చూద్దామని వసారాలోకి వచ్చినవాడు, ఆ మాట విని నిలబడిపోయాడు. తరవాత నేలమీద చతికిలబడి, అమ్మ కోసిన కిటికీలోంచి లోపలికి తల పెట్టాడు.

"ఎన్నొద్దుల సంది అమ్మా?"

పిల్లలాటకు కూడా పంచాయితీ పెడతావా అని బాపమ్మ మొదట కసిరింది. బాపు కిటికీలోంచి తల తీయలేదు. చివరికి ఆమే చెప్పింది.

"పోయిన బతుకమ్మ సంది. పేర్చంగ పేర్చంగ గునుగేదో తంగేడేదో సోయి దొరకలే. అందరు పాడుతాండ్రు, నేను వాసన జూసుకుంట పేర్చిన."

ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది. ఎందుకు చెప్పలేదని బాపు అడిగితే, చెబితే ముందు దవాఖానకు తీసుకుపోతారు, తరవాత తాళంచెవి తీసుకుంటారు అంది. దవాఖాన భయం పెద్దదో, తాళంచెవి బెంగ పెద్దదో ఆమె చెప్పలేదు. తలుపు దగ్గర నిలబడిన అమ్మ కొంగుతో కండ్లు ఒత్తుకుంటూనే, ఆ అర్ర తాళం చెడిపోయి మూడేళ్ళయిందనీ, గట్టిగా గుంజితే వచ్చేస్తుందనీ, తను రోజూ అట్లాగే తీస్తున్నాననీ చెప్పింది. మొదట నవ్వింది బాపమ్మే.

"మూడేండ్ల సంది నేను చెవి మోసుడేనా?"

దవాఖానకు ఒప్పించడానికి ఇంకో పది రోజులు పట్టింది. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. తన డాక్టరమ్మ వెంట రావాలి. పక్కింటి పిల్ల తల్లి నవ్వి, రంజానుకు కుట్టిన కొత్త గౌను తొడిగి పంపింది. రిక్షాలో బాపమ్మ పక్కన ఆమె, వెనక సైకిల్ మీద బాపు. కంపౌండర్ని ఎవరూ పిలవలేదు. ఆ రోజంతా నేను అన్నం తినకుండా అలిగాను. ఎవరూ గమనించకపోయేసరికి సాయంత్రం నేనే వడ్డించుకుని తిన్నాను.

తరవాత బాపు చెప్పాడు. అసలు డాక్టరు మా డాక్టరమ్మ చెప్పిందంతా కుర్చీ ముందుకు జరుపుకుని విన్నాడట. కింది నుంచి ఎందుకు అడిగావని అడిగితే, పై నుంచి అడిగితే తను కూడా కంఠతా చెప్తానందట ఆ పిల్ల. బాపమ్మకు రెండు కండ్లలోనూ మోతిబిందు, అదే శుక్లం, ముదిరిందని, ముందు ఒక కంటికి ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పాడు.

ఆపరేషన్ అయి, వారం రోజులు కట్టుతో మంచం మీద కదలకుండా పడుకుని, బాపమ్మ ఇంటికొచ్చింది. మరికొన్ని వారాలకు సీసా అడుగంత మందం అద్దాలు వచ్చాయి. అవి పెట్టుకుని ముందు బాపు ముఖం చూసింది. "నీకు గిన్ని తెల్లెంట్రుకలు ఎప్పుడొచ్చినయిరా?" అని చాలాసేపు తల నిమిరింది. తరవాత వసారాలోకి వచ్చి డబ్బాలోకి వంగి చూసింది. నేను గీసిన కోడికి నాలుగు కాళ్ళున్నాయని అప్పుడు తేలింది. ఇక ఆ రోజు నుంచి వచ్చినవాళ్ళందరికీ ఒకటే కథ. తన కండ్లకు అసలు ఏమీ కాలేదట, మనుమరాలికి బొమ్మలు రాక ఇంత దూరం వచ్చిందట.

అమ్మకు మాత్రం సుఖం కొన్నాళ్ళే. ఇంట్లోని మూలమూలకూ బూజు ఉన్నట్టు బాపమ్మకు కొత్తగా కనబడింది. బియ్యంలో రాళ్ళు కూడా కనబడ్డాయి. చేట మళ్ళీ తన ముందుకు లాక్కుంది. అర్రకు బాపు కొత్త తాళం తెచ్చాడు. రెండు చెవుల్లో ఒకటి అమ్మ చేతికిచ్చి, ఇంకొకటి తన నడుముకు కట్టుకుంది బాపమ్మ.

మరుసటి చలికాలం రెండో కంటికి ఆమెను ఎవరూ ఒప్పించాల్సిన పని పడలేదు. పెళ్ళికి పోతున్నట్టు తానే మూట కట్టుకుంది. నన్ను కూడా రిక్షా ఎక్కించుకుంది. దవాఖానలో పక్క మంచం మీద తొర్రూరు నుంచి వచ్చిన ఒక ముసలామె వణుకుతూ కూర్చుంటే, బాపమ్మ పోయి ఆమె చెయ్యి పట్టుకుంది. "జర సేపే అక్కా, ఫికర్ జేయకు. నేను ఎన్నడన్న భయపడ్డనా?" అంది. బాపు నా వైపు చూశాడు. నేను నవ్వు దాచుకోవడానికి ఆమె మూట సర్దాను.