ముందు చక్రాల వేడి

కారు కొనాలనుకున్నాక నేను మొదట చేసిన పని ల్యాప్‌టాప్‌లో ఒక పట్టిక వేసుకోవడం. పద్నాలుగు వరుసలు. ఎడమ గడిలో, కంపెనీవాళ్లే ఫ్యాక్టరీలో ఇంజన్ శక్తి పెంచి, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు బిగించి అమ్మే స్పోర్ట్ రకం. కుడి గడిలో, అదే కారు మామూలు రకం కొని బయట షాపులో మార్పులు చేయించుకోవడం: ఇంజన్ని నడిపే కంప్యూటర్‌లో లెక్కలు మార్చి శక్తి పెంచే మ్యాపింగ్, గట్టి బ్రేకు ప్యాడ్లు, పెద్ద చక్రాలు, పొగని తేలిగ్గా వదిలే సైలెన్సర్. ప్రతి వరుసకీ పదికి ఇన్నని మార్కులు వేశాను. కుడి గడి గెలుస్తోంది, ముఖ్యంగా తొమ్మిదో వరుసలో. ఆ వరుస పేరు ‘చేతికి ఎప్పుడొస్తుంది’. స్పోర్ట్ రకానికి అయిదు నెలలు ఆగాలన్నారు. మా ఆవిడకి అప్పుడు ఏడో నెల.

ఆ పట్టిక మొత్తం భయంలోంచి పుట్టిందే. నేను ఒడిశాలో సెమిలిగుడ దగ్గర అల్యూమినియం ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీర్ని. పురుడు రాయగడలో, ఆవిడ పుట్టింట్లో. కబురు రాగానే నేను కొండ మలుపుల ఘాటీ రోడ్డు దిగి పరుగెత్తాలి. తర్వాత పసిబిడ్డతో ఆ ఘాటీ ఎక్కి రావాలి. ఎక్కుడులో సరుకు లారీ వెనక పడితే మామూలు బండి దాన్ని దాటలేదు. బిడ్డకి ఏదో అయి, నేను లారీ వెనక హారన్ కొడుతూ ఉండిపోయినట్టు ఒక ఊహ వచ్చేది. భోజనం దగ్గర కూడా వచ్చేది. శక్తి ఉన్న బండి ఉంటే ఆ ఊహ పోతుందనుకున్నాను.

మా సెక్షన్‌లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన ఉన్నాడు. నేను అన్నా అని పిలుస్తాను. నా కుడి గడిలో ఉన్న కారు అచ్చంగా ఆయన దగ్గరుంది, అన్ని మార్పులతో సహా. నా పట్టిక చూసి నవ్వేడు.

“గడులు గీస్తే బండి కదల్దు తమ్ముడూ. శనివారం నా బండి ఎత్తుకుపో. మరదల్ని రాయగడలో దించీసి రా. సోమవారం నువ్వే సెప్తావు ఏటి కొనాలో.”

డీలరుకి నేను మాటివ్వాల్సింది కూడా సోమవారమే.

శనివారం ఉదయం బయల్దేరాం. కొరాపుట్ దాటేలోపే నాలుగు లారీలు దాటాను. కాలు ఆనిస్తే చాలు, బండి దూకుతోంది. మనసులో రెండో వరుసకి, ‘శక్తి’కి, పదికి పది వేసేశాను. ఒక్కటే ఇబ్బంది, చిన్న గేర్లలో సైలెన్సర్ గర్జిస్తోంది.

“ఏటండీ ఇది? పులిని కట్టుకొచ్చేరేటి?” అంది ఆవిడ. పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వుతూనే అంది.

లక్ష్మీపూర్‌లో టీకి ఆగాం. ఆవిడ టీ గ్లాసు నా చేతికిచ్చి, నడుం పట్టుకుని మెల్లగా వంగుతూ బండి చుట్టూ తిరిగింది. ఒక్కో చక్రం దగ్గరా అరచెయ్యి తిప్పి, చేతి వెనక భాగాన్ని తాకీ తాకనట్టు పెట్టి చూసింది. నాకది కొత్త కాదు. మా మావయ్యగారు రాయగడ జంక్షన్‌లో రైలు పెట్టెల చక్రాలూ బ్రేకులూ పరీక్షించే ఉద్యోగి. రైలు ఆగగానే ఇరుసుల దగ్గర అలా చెయ్యి పెట్టి వేడి చూస్తారు. అరచెయ్యి కాలితే పని ఆగిపోతుంది, అందుకని చేతి వెనక వైపు. రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల, నాన్నని చూసి నేర్చుకుంది. స్కూటరుకీ పెడుతుంది, ఆటోకీ పెడుతుంది. మా పెళ్లయిన వారంలో మిక్సీకి కూడా పెట్టింది.

“ముందు రెండూ కాలిపోతన్నాయండీ. వెనకవి సల్లగున్నాయి.”

“అది మామూలే. బ్రేకు వేస్తే బరువంతా ముందుకే వస్తుంది. నీకు ఇంజనీర్ మొగుడున్నాడు, నువ్వు కంగారు పడకు.”

“ఉన్నాడు. సెయ్యి పెట్టి సూడ్డు.”

నేను చెయ్యి పెట్టి చూడలేదు.

దిగుడు మొదలయ్యాక రెండో గేరులో పెట్టాను. దిగేటప్పుడు చిన్న గేరులో పెట్టి బండిని ఇంజన్ చేతనే పట్టి ఉంచాలి, బ్రేకు మీద ఆధారపడకూడదు. ఇది లైసెన్సు తీసుకునే రోజున నేర్పే పాఠం. కానీ రెండో గేరులో ఆ సైలెన్సర్ మోత కొండకి కొట్టుకుని తిరిగి మా మీదే పడుతోంది. ఆవిడ కళ్లు మూసుకుని రెండు చేతులూ పొట్ట చుట్టూ పెట్టుకుంది.

“లోపల తంతన్నాదండీ. ఈ మోతకి జడుసుకుంటన్నాదేమో.”

నాలుగో గేరులోకి మార్చాను. బండి నిశ్శబ్దమైపోయింది. ఆవిడ ముఖం తేరుకుంది. మలుపు మలుపుకీ మెత్తగా బ్రేకు నొక్కుతూ దిగాను. జాగ్రత్తగా నడుపుతున్నానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఒక మలుపు తిరగ్గానే ఎదర లారీ. కాగితం మిల్లుకి జామాయిల్ దుంగలు వేసుకుని పోతోంది. దుంగల చివర్లు వెనక్కి పొడుచుకుని ఉన్నాయి. అన్నిటికన్నా పొడవైనదానికి ఎర్ర గుడ్డ కట్టి ఉంది. బ్రేకు నొక్కాను. పెడల్ సగం దాకా మెత్తగా పోయింది. ఇంకా నొక్కాను. నేలకి ఆనింది. కాలి కింద ఏమీ లేదు.

నేను చేసిన పనుల వరుస ఇప్పటికీ సరిగ్గా రాయలేను. పెడల్ని పదేపదే తొక్కాను. మూడో గేరు, రెండో గేరు. హ్యాండ్‌బ్రేకు ఒక్కసారిగా లాగలేదు, కొంచెం కొంచెంగా లాగాను, అది మాత్రం గుర్తుంది. ఎర్ర గుడ్డ అద్దానికి దగ్గరవుతూ వచ్చింది. దాని అంచున ఊడిపోయిన దారాలు కనిపించాయి. బండిని కొండ వైపు తిప్పాను. ఎడమ చక్రం పక్క కాలవలో దిగి, రాళ్లకి ఒరుసుకుని, ఆగింది. లారీ తన దారిన తను పోయింది. ఆ డ్రైవరుకి మేము వెనక ఉన్నట్టే తెలియదు.

 ఆవిడ అడిగింది.

“ఆగిందా?”

“ఆగింది.”

“మరి సెయ్యి తియ్యండి.”

హ్యాండ్‌బ్రేకు మీద నా వేళ్లు విడిపోవడం లేదు. ఆవిడే ఒక్కో వేలూ విడదీసింది. నేను మొదట అడగాల్సిన మాట అప్పుడు అడిగాను. “తంతోందా?” ఆవిడ పొట్ట మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసింది. 

“తన్నింది,” అంది చివరికి.

దిగి ముందు చక్రం దగ్గర చేతి వెనక భాగం పెట్టబోయాను. బెత్తెడు దూరం నుంచే వెనక్కి లాక్కున్నాను. మోటారు సైకిలు మీద పోతున్న ఒకాయన ఆగి, సీసాలో నీళ్లు చక్రం మీద పోయబోయాడు. ఆవిడ అక్కడి దేసియా భాషలో వద్దని వారించింది. ఎర్రగా కాలిన ఇనుము నీళ్లు పడితే పగులుతుందని వాళ్ల నాన్న చెప్పాడట.

రాతి మీద కూర్చుని లెక్క కట్టాను. కొత్త ప్యాడ్లు మంచివే, ఎంత వేడైనా తట్టుకున్నాయి. ఆ వేడి వాటి వెనకున్న బ్రేకు ఆయిల్‌కి పోయింది. ఆయిల్ మాత్రం పాతదే, ఎవరూ మార్చలేదు. అది మరిగి బుడగలు కట్టింది, పెడల్ నేలకి పోయింది. అంత వేడి ఎందుకు పుట్టింది? నేను నాలుగో గేరులో దిగాను కనక. ఎందుకు దిగాను? సైలెన్సర్ మోతకి. శబ్దానికి నా పట్టికలో పన్నెండో వరుస. బ్రేకులకి అయిదో వరుస. ఆ రెండూ ఒకదాన్నొకటి తాకుతాయని రాయడానికి నా పట్టికలో చోటే లేదు. చివరికి మమ్మల్ని ఆపింది హ్యాండ్‌బ్రేకు పట్టే, ఎవరూ ముట్టుకోని వెనక డ్రమ్ బ్రేకులు, చల్లగా ఉన్నాయని ఆవిడ చెప్పినవి.

గంటన్నర ఆగాం. పెడల్‌కి కొంత గట్టిదనం వచ్చింది. మిగిలిన ఘాటీ అంతా మొదటి గేరులో, ఆ గర్జనతోనే దిగాం. దారి పొడవునా లోపల బిడ్డ తంతూనే ఉంది. ప్రతి తన్నూ ఆవిడ పైకి చెప్పింది, నా కోసం.

మావయ్యగారు అంతా విన్నారు.   చివర్న అడిగేరు.

“బాబూ, ఆ సామాన్లన్నీ మార్సినోడు బండెక్కి ఈ ఘాటీ దిగి సూసేడేటి?”

“లేదండీ.”

“మేం ఒక్క పెట్టె మార్సినా బండి మొత్తానికి బ్రేకు సూస్తాం. సూసినోడు సంతకం పెడతాడు. దీనికెవులు పెట్టేరు సంతకం?”

“నేనే పెట్టబోయాను నాన్నా, ఈయన పక్కన కూకుని, పేనంతో,” అంది ఆవిడ. 

రాయగడలో మెకానిక్ తీసిన బ్రేకు ఆయిల్ టీ డికాక్షన్‌లా ఉంది. కొత్తది పోయించి, సోమవారం ఉదయం బండి తిరిగి ఇస్తూ అన్నకి మొత్తం చెప్పాను. ఆయనకి ఇద్దరు చిన్న పిల్లలు, ఆదివారాలు అదే బండిలో తిరుగుతారు.

“రెండేళ్ల నుంచి నడుపుతున్నాను, ఏటీ అవలేదు. బెదురు నీది తమ్ముడూ, బండిది కాదు.”

“బెదురు నాదే అన్నా. ఘాటీలో మాత్రం రెండో గేరులో దిగు. మోత భరించు.”

ఆయన తాళాలు తీసుకుని వెళ్లిపోయేడు.

ఆ మధ్యాహ్నమే స్పోర్ట్ రకానికి సంతకం పెట్టాను. ధైర్యంతో కాదు. దాన్ని మొత్తంగా ఒకచోట నిలబెట్టి పరీక్షించిన మనిషి ఎవరో ఒకడు ఉంటాడన్న ఆశతో. “మీది ఘాటీలో నిండు బరువుతో దింపి చూశారా?” అని అడిగితే సేల్స్ కుర్రాడు నవ్వి, “కంపెనీ చూసుకుంటుంది సార్” అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అయినా పెట్టాను. ఆవిడకి ఫోన్ చేసి, బిడ్డ వచ్చేసరికి కారు రాదని చెప్పాను.

“రైల్లో వస్తాం. రైలుకయితే నాన్న సెయ్యి పెట్టి పంపుతాడు,” అంది.

అలాగే వచ్చారు. నేనే వెళ్లి తీసుకొచ్చాను. రాయగడ స్టేషన్‌లో పాప నా ఒళ్లో ఉంది. కిటికీ పక్కనుంచి మావయ్యగారు వంగుతూ లేస్తూ పోతున్నారు. వేడి కొలిచే యంత్రం ఇప్పుడు వాళ్లకి ఇచ్చారు, తుపాకీలా ఉంటుంది. దాంతో కొలిచి అంకె రాసుకున్నారు. తర్వాత దాన్ని చంకలో పెట్టుకుని, మా పెట్టె కింద ఉన్న చక్రాల దగ్గర మాత్రం చేతి వెనక భాగం కూడా పెట్టి చూశారు. మా పెట్టెకి రెండు పక్కలా కలిపి ఎనిమిది చక్రాలు; ఆయన ఇటు పక్క చూసి అటు పక్కకి తిరిగారు. రైలు కదిలేలోపు ఆయన ఎన్నింటికి చెయ్యి పెట్టారో నేను లెక్కపెడుతూ ఉన్నాను. ఏడు వరకు కనిపించాయి; ఎనిమిదోదానికి పెట్టారో లేదో నాకు కనిపించలేదు.