టిక్కుమంటే పని అయిపోయినట్టు

ఆళ్లగడ్డలో మా అమ్మవాళ్ల వంటింట్లో వేరుశెనగ విత్తనాలు వేయిస్తున్నాను. గోడ అవతల షెడ్డులో రాతిపని పెద్దాయన నవ్వాడు. "ఏందిరా, అట్ల కూర్చొని నన్నే చూస్తాండావ్? నా పనికి మార్కులేస్తావా?" అన్నాడు.

నాకూ నవ్వొచ్చింది. అంతలోనే తట్టింది. ఆయన మాట్లాడుతున్నది మా కుక్కతో. కుక్క షెడ్డులో ఉందంటే గేటు దగ్గర లేదు. గేటు దగ్గర అది లేదంటే, రెండున్నరేళ్ల నా కూతురి దగ్గర ఎవరూ లేరు.

ఆ క్షణం నన్ను వదలడం లేదు. నంద్యాలకు తిరిగొచ్చి చాలా రోజులైంది. పిల్లలు పడుకున్నాక ఇలా కూర్చుని రాస్తుంటే, ఆ నవ్వు మళ్లీ గోడ అవతలి నుంచే వినిపిస్తుంది.

మా కుక్క బోర్డర్ కోలీ. ఎక్కడో చలిదేశాల్లో గొర్రెల మందలను మళ్లించే జాతి. మా ఆయన స్నేహితుడు బెంగళూరులో ఇల్లు మారుతూ పెంచలేక మాకిచ్చేశాడు. నంద్యాల ఎండకు పగలంతా కూలరు ముందు పడుకునేది. పొద్దు వాలేసరికి దానికి పని కావాలి. మనం ఇవ్వకపోతే తనే వెతుక్కునేది. ఒకరోజు పాలతని చుట్టూ తిరిగి తిరిగి అతన్ని గోడకు ఆనించి నిలబెట్టింది. "అక్కా, నేను గొర్రెను కాదని దీనికి చెప్పక్కా" అని అతను క్యాను పైకెత్తుకుని అరిచాడు.

అప్పుడే వీడియోలు చూసి క్లిక్కరు తెప్పించాను. గుప్పిట్లో పట్టే ప్లాస్టిక్ డబ్బీ. నొక్కితే టిక్కుమంటుంది. కుక్క సరైన పని చేసిన ఆ క్షణంలోనే టిక్కు, వెంటనే ఉడికించిన కోడి కార్జం ముక్క. టిక్కు అంటే ముక్క పెడతామని మనం దానికి మాట ఇచ్చినట్టు. పొరపాటున నొక్కినా ముక్క పెట్టి తీరాలి. నాలుగు సాయంత్రాల్లో దానికి విషయం అర్థమైపోయింది. నేను ఏం అడగబోతున్నానో నా భుజం కదలికను బట్టే పట్టేసేది.

నేను మొదటి నుంచీ భయస్తురాలిని. పిల్లలు నిద్రలో దగ్గినా లేచి కూర్చుంటాను. మా వీధిలో ఆటోలు ఆగవు. పెద్దవాడు గేటు మూయడం మర్చిపోతాడు, చిన్నది సందు దొరికితే బయటికి నడుస్తుంది. అందుకని కుక్కకు ఆ పని నేర్పాను. పాప గేటు వైపు వెళ్తే పరుగెత్తి వెళ్లి అడ్డంగా నిలబడాలి. నేను వచ్చి టిక్కుమనిపించేదాకా కదలకూడదు. మొదట వెంటనే నొక్కేదాన్ని. పోనుపోను ఆలస్యం చేశాను. చివరికి నేను పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, నింపాదిగా నడిచి వెళ్లినా అది అక్కడే అడ్డంగా నిలబడి ఉండేది. పిల్లలు పుట్టాక మొదటిసారి భయం లేకుండా వంట చేసుకున్నాను.

"నువ్వు దానికి నేర్పుతాండావా, అది నీకు నేర్పుతాండాదా?" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

ఎండాకాలం సెలవులకు పిల్లలతో, కుక్కతో ఆళ్లగడ్డ వెళ్లాను. అమ్మవాళ్ల ఇంటిని ఆనుకునే శిల్పాల షెడ్డు. ఇప్పుడు రాయి కోయడానికంతా మెషిన్లే. రోజంతా ఆ రొద, తెల్లటి దుమ్ము. కుక్క భయపడుతుందేమో అనుకున్నాను. అది చెవి కూడా కదపలేదు. పాప గేటు వైపు వెళ్లినప్పుడల్లా అడ్డం నిలబడింది. ఊరు మారినా పని మరవలేదని మురిసిపోయాను.

ఆ సాయంత్రం పెద్దాయన మెషిను ఆపి చిన్న ఉలి పట్టుకున్నాడు. అమ్మవారి ముఖం పని. ముఖానికి మెషిను పెట్టరు. పెదవుల దగ్గర, కనురెప్పల దగ్గర మెల్లగా ఒక్కొక్క దెబ్బే కొడతారు. చిన్నప్పటి నుంచీ విన్న చప్పుడు కాబట్టి నా చెవికి అది చప్పుడే కాదు.

ఆయన నవ్వు వినగానే పొయ్యి కట్టేయకుండానే పరుగెత్తాను. గేటు సగం తెరిచి ఉంది. సందులో పాప లేదు. సందు చివర, అహోబిలం జీపులు తిరిగే చోట, నలుగురు గుమిగూడి ఉన్నారు. ఆ కాస్త దూరం ఎలా వెళ్లానో నాకు తెలియదు. అక్కడ గాజుల బండి పెట్టుకునే ముస్లిం ఆమె పాపను చంకనేసుకుని నిలబడి ఉంది.

"నీ బిడ్డేనామ్మా? జీపు ఎనక్కొస్తాండాది, ఇదేమో దాని ఎనకాల్నే నిలబడుకొని ఇంటి దిక్కు చూస్తాండాది. యా అల్లా! ఉరికొచ్చి ఎత్తుకున్నా."

డ్రైవరు కిందికి దిగి జీపుకు ఆనుకున్నాడు. "అద్దంలో కనపల్లేదక్కా. నిజంగా కనపల్లేదు" అని అదే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు.

పాప ఏడవలేదు. అలిగినట్టు మూతి ముడుచుకుని నా మెడ పట్టుకుంది. "కుక్క రాలే" అంది. "నేను పోతాంటే రాలే."

ఇల్లు చేరేదాకా ఆ మాట నాకు అర్థం కాలేదు. గోడ మీంచి పెద్దాయన తొంగి చూశాడు. "బిస్కత్తు ఏసినానమ్మా, ముట్టల్యా. ఉలి దెబ్బ పడినప్పుడల్లా నా చెయ్యి చూస్తాండాది. ఏం కావల్లంట దానికి?"

దానికి కావలసింది కార్జం ముక్క. గేటుకు అడ్డం నిలబడి ఉండగా ఉలి దెబ్బ దాని చెవికి టిక్కులా వినపడింది. టిక్కంటే పని అయిపోయిందని నేర్పింది నేనే. గేటు వదిలి, ఇస్తానన్న ముక్క కోసం టిక్కు వచ్చిన చోటికి వెళ్లి కూర్చుంది. ఇంకో టిక్కు, ఇంకో టిక్కు. ఎవరూ ఇవ్వలేదు.

మరి పాప? అది గేటు దగ్గరికి వెళ్తే కుక్క వచ్చేది. వచ్చి అడ్డం నిలబడితే దాని మెడ మీది బొచ్చులో ముఖం దాచుకుని కిలకిలా నవ్వేది. బయటికి పోవాలని కాదు, కుక్క రావాలని వెళ్లేది. మధ్యలో వదిలి వెళ్లిన కుక్కను మళ్లీ రప్పించడానికి ఒక అడుగు వేసి వెనక్కి చూసి ఉంటుంది. రాలేదు. ఇంకాస్త దూరం పోతే వస్తుందనుకుని ఉంటుంది. నాకు రోజూ కనబడేది జీపు కాదు. వెనక్కి తిరిగి ఎదురుచూస్తున్న ఆ ముఖం.

"బిడ్డను కనింది నువ్వా, కుక్కా?" అని అమ్మ కేకలేసింది. "చాగలమర్రిలో మీ మామకు గొర్రెలుండాయి. పొద్దున్నే ఆడికి తోలెయ్ మే దాన్ని." పొయ్యి మీద విత్తనాలు బొగ్గయిపోయాయి. ఆ వాసన రాత్రయినా ఇంట్లోంచి పోలేదు.

ఆ రాత్రి గోడ మీద బల్లి టిక్కు టిక్కుమని పలికింది. కుక్క తల ఎత్తింది. లేచి మెల్లగా నా మంచం దగ్గరికి వచ్చి కూర్చుని చేతి వంక చూసింది. బల్లి పలికితే మనసులో అనుకున్నది నిజమవుతుందంటుంది అమ్మ. అప్పుడు నేను ఏం అనుకుంటూ ఉన్నానో ఇక్కడ రాయలేను. పక్కనే పడుకున్న పాప ఛాతీ మీద చెయ్యి వేసి, అది పైకి లేచేదాకా చూశాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి రొట్టె ముక్క తెచ్చి కుక్కకు పెట్టాను.

పొద్దున పిల్లలిద్దరినీ మెట్ల మీద కూర్చోబెట్టుకున్నాను. గోడ అవతల ఉలి అప్పుడే మొదలైంది. కుక్క తాడు నా చేతికి చుట్టుకుని ఉంది.

"దాన్ని మామకు ఇచ్చేస్తామా?" అని అడిగాడు పెద్దవాడు.

"ఇయ్యం. కానీ ఇంక టిక్కు లేదు. అది మంచిపని చేస్తే 'శభాష్' అని నోటితో అనల్ల. గేటు పని దానిది కాదు, నాది." పాపను దగ్గరికి లాక్కున్నాను. "కుక్క కావల్లంటే నువ్వే దాని కాడికి పో నాయనా. గేటు కాడికి పోతే అది రాదు. ఎంత దూరం పోయినా రాదు."